చుక్కి తెచ్చిన తమ్ముడు

వంకకు ఇవతల ఒక రైతు దొడ్డి. అందులో పుల్లన్న అనే ఎద్దు, కాటుకమ్మ అనే నల్లమేక, ఆమె కొడుకు బుల్లోడు, వీళ్ళ మధ్య చుక్కి అనే గొర్రెపిల్ల. వంకకు అవతల తుప్పల్లో జిత్తయ్య అనే నక్క. జిత్తయ్యకు పనీపాటా లేదు. పని లేనివాడికి ఊరందరి సంగతులూ తెలుస్తాయి కదా!

చుక్కి ఆ దొడ్డిలో పుట్టలేదు. శెనక్కాయ పీకేశాక, ఎరువు పడుతుందని రైతు తన చేలో గొర్రెల మందను నాలుగు రోజులు పడుకోబెట్టాడు. అయిదోరోజు తెల్లవారకముందే మంద లేచి వెళ్ళిపోయింది. మూడ్రోజుల పసికూన చుక్కి మాత్రం కాయలు కోసేసిన శెనక్కాయ కట్టె కుప్పలో వెచ్చగా నిద్రపోతూ మిగిలిపోయింది. లేచి చూస్తే అమ్మ లేదు, మంద లేదు. దారి మీద దుమ్ముంది, అంతే.

అప్పుడు కాటుకమ్మ వచ్చి, "నాకు చన్నులు రెండు, మావాడికి నోరొక్కటే. రెండోది నువ్వు తాగవే" అంది. పెంపకం సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

తేలనిది చుక్కి మనసే. బుల్లోడు గోడెక్కితే తనూ ఎక్కబోయి వెల్లకిలా పడేది. "గొర్రెవి గొర్రెలా ఉండవే!" అని వాడు పడీపడీ నవ్వేవాడు. ఉందామంటే, ఎలా ఉండాలో చూపించేవాళ్ళేరీ? అందుకే దారిన ఏ మంద పోయినా ఎదురు పరిగెత్తేది. "నువ్వేనా మా అమ్మవి?" అని ఒక్కో గొర్రెనూ అడిగేది.

గొర్రెల తీరు మీకు తెలుసో లేదో. పిల్ల దగ్గరికొస్తే ముందు తోక దగ్గర వాసన చూస్తాయి. తమదైతే పాలిస్తాయి, కాదంటే ఒక్క కుమ్ము. మధ్యలో మాటా మంచీ ఉండదు. చుక్కి నాలుగు మందలు తిరిగింది. ఎన్ని కుమ్ములు తిన్నదో దాని పక్కటెముకలకే తెలుసు.

"నొప్పెట్టలేదటే పిల్లా?" అన్నాడు పుల్లన్న ఒకరోజు.

"పెట్టింది పెదనాన్నా. కానీ పాపం, వాళ్ళ పాలు వాళ్ళ పిల్లలకే దాచుకుంటున్నారు. మా అమ్మ కూడా ఎక్కడో నా కోసం ఇలాగే అందరినీ కుమ్ముతూ ఉంటుంది."

పుల్లన్న నెమరు ఆపేశాడు. ఎద్దు చేత నెమరు ఆపించడమంటే మాటలా!

ఇదంతా జిత్తయ్య చెవిన పడింది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. జిత్తయ్య ఆ సామెతను నమ్మాడు. కాపరులెవరో మరిచిపోయిన గొంగడి ఒకటి దొరికితే ముసుగేసుకుని, పొద్దువాలే వేళ వంక అవతలి పొదలో కూర్చున్నాడు.

"చుక్కీ! నా తల్లీ! నా బంగారు కొండా!"

చుక్కి ఒక్క గెంతులో వంక దాటింది. గొంగడి గొర్రెబొచ్చుదేగా, గుప్పున మంద వాసన. చుక్కి తోక దానంతటదే ఊగింది.

"అమ్మా! నువ్వేనా?"

"నేనేనే. నిన్ను పోగొట్టుకున్నప్పట్నుంచీ గడ్డి ముట్టలేదు. రా, దగ్గరికి రా!"

చుక్కి వెనక్కి తిరిగి, తోక చూపించి, కుమ్మినా సరేనని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏమీ జరగలేదు.

"వాసన చూడవా?"

"తల్లికి వాసనెందుకే పిచ్చిదానా! మనసు చెప్పదా?"

మాట తియ్యగా ఉంది. అది నిజమైతే ఎంత బాగుండు! కానీ నాలుగు మందల్లో ఏ తల్లీ ఇంత సుళువుగా రమ్మనలేదే?

చుక్కి గొంతు సవరించుకుంది. "అమ్మా, నాకొక తమ్ముడున్నాడు. మేకపాలు తాగి కాస్త ఒళ్ళు చేశాడు. వాణ్ణీ తీసుకురానా?"

జిత్తయ్య నోట్లో ఊరిన నీళ్ళు గొంగడి మీద కారాయి. "వాడూ నా బిడ్డేగా! తే, తే! ఇంకెవరున్నా తీసుకురా!"

చుక్కి ఆశ అక్కడితో తెగింది. ఏడుపొచ్చింది. దాన్ని మాత్రం తర్వాతకు పెట్టుకుంది. "అయితే కళ్ళు మూసుకోమ్మా. మావాడికి సిగ్గెక్కువ."

కాసేపటికి ఇసుకలో దబ్ దబ్‌మని అడుగులు.

"బాగానే ఒళ్ళు చేశావురా నాయనా!" అన్నాడు జిత్తయ్య మురిసిపోతూ.

"అవునమ్మా" అన్నాడు పుల్లన్న.

ఆ గొంతుకు జిత్తయ్య ఒక కన్ను తెరిచాడు. ఆ కంటికి రెండు కొమ్ములు కనిపించాయి. "అయ్యో, నేను... నేను వేరే మంద గొర్రెనండీ..."

"ఏ మందైతేనేం, బిడ్డను ఎత్తుకోవా?" అంటూ పుల్లన్న తానే వాణ్ణి ఎత్తాడు. గొంగడి ఒకవైపు, జిత్తయ్య ఒకవైపు ఎగిరారు. గొంగడి ఇసుకలో పడింది. జిత్తయ్య రేగుకంపలో పడ్డాడు. అందులోంచి వాడు ఎంత వేగంగా బయటపడ్డాడో చూసి కుందేళ్ళు సిగ్గుపడ్డాయి.

అప్పుడు ఏడ్చింది చుక్కి. గోల విని పరిగెత్తుకొచ్చిన కాటుకమ్మ, దాని మొహమంతా నాకింది.

"నేనింకా వెతుకుతాను. నీకు కోపమా?" అంది చుక్కి వెక్కుతూ.

"కోపమెందుకే! ఇన్నాళ్ళూ నిన్నొక్కదాన్నే పంపాను చూడు, అదీ నా బుద్ధితక్కువ. ఎల్లుండి కొండ కింద మంద దిగుతుందట. నేనూ వస్తా."

"నేనూ!" అన్నాడు బుల్లోడు.

"నువ్వెందుకురా?"

"అక్కను ఎవరైనా కుమ్మితే తిరిగి కుమ్మడానికి."

అన్నట్టే బయల్దేరారు. ముందు చుక్కి, వెనక మేకమ్మ, ఆ వెనక ఛాతీ విరుచుకుని బుల్లోడు. కొండ కింద ఒక ముసలి గొర్రె చుక్కిని వాసన చూసి, మొహం చిట్లించి, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది.

"కన్నతల్లి కోసం వెతుకుతున్నాను. ఎవరి పిల్లనంటే, అదుగో, ఆ నల్లమేక పిల్లని" అంది చుక్కి, తల ఎత్తి.

ముసలిది కుమ్మబోయి ఆగింది. "అయితే రా, మా వాళ్ళందరినీ చూపిస్తాను. మీ మేకమ్మను కూడా రమ్మను."

తుప్పల్లోంచి ఇదంతా చూస్తున్న జిత్తయ్యను మాత్రం ఎవరూ రమ్మనలేదు. వాడు ఒంట్లో మిగిలిన రేగుముళ్ళు పీక్కుంటున్నాడు.

నీతి: అడక్కుండానే అందరికీ అమ్మనంటూ వచ్చేవాణ్ణి నమ్మకు; నీ అమ్మను నీతో కలిసి వెతికేవాళ్ళను వదులుకోకు.