ఎడమకు లేచిన చెయ్యి

కారు చెయ్యి తనంతట తానే లేస్తోందని చెప్పుకోడానికి మద్దిలేటి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

ఇప్పటి కార్లకు మలుపు తిరిగేటప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుంది. మద్దిలేటి కారు ఆ కాలంది కాదు. నల్లటి ఆస్టిన్. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు ఓడెక్కి వచ్చి మద్రాసు రేవులో దిగింది. దాని ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఒక చిన్న కడ్డీ దాగి ఉంటుంది. లోపల మీట తిప్పితే అది టక్కుమని బయటికి లేచి, నారింజ రంగులో వెలుగుతూ, ఇటు తిరుగుతున్నానని వెనక వచ్చేవాళ్లకు చెబుతుంది. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని చెయ్యి అంటారు.

"మీట నేను ముట్టుకోను ఉస్తాద్. అదే లేస్తుంది. ఎడమ చెయ్యే. అదీ ఒక్క చోటే."

"ఎక్కడ?"

"నంద్యాల వైపు నుంచి కర్నూల్లోకి వస్తూ ఉంటే, పాత కార్ల షో జరిగే మైదానానికి కాస్త ముందు, ఎడమకు ఒక సందు చీలుతుంది. అక్కడ."

ఉస్తాద్ పేరు గులాం దస్తగిరి. ఒకప్పుడు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవాడు. ఉద్యోగం అయిపోయాక తమ పెద్దల దర్గా పక్కనే ఒక గదిలో ఉంటున్నాడు. ఎవరైనా వస్తే మాట్లాడతాడు, రాకపోతే జపమాల తిప్పుకుంటాడు. మద్దిలేటి ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు పత్తి విత్తనాల వ్యాపారం పెద్దగా చేస్తున్నా, శుక్రవారం వస్తే ఆయన గడప తొక్కకుండా ఉండడు.

"ఆ కారు కథ నాకు ఒకసారి చెప్పు," అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి మొహం వెలిగింది. ఆ కథ చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఏ ఊళ్లో పాత కార్ల షో జరిగినా మిగతావాళ్ల కార్ల దగ్గర ఫోటోలు దిగిన జనం, కథ కోసం మాత్రం ఇతని కారు దగ్గరే గుమికూడేవాళ్లు.

నంద్యాల దగ్గర మూతపడిన పత్తి మిల్లు షెడ్డులో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికింది అది. మిల్లు యజమాని ఇంట్లో బసమ్మ అనే పెద్దావిడ దాని సంగతంతా అతనికి చెప్పింది. మిల్లు యజమాని వీరభద్రప్ప ఆ కారు కొత్తగా కొన్న రోజులవి. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన రోజు ఊరేగింపుకి బయల్దేరాడు. కారుకు పూలదండలు, జెండాలు. అదే పొద్దున మిల్లులో పనిచేసే ఒకామెకు నొప్పులొచ్చాయి. కాన్పు అడ్డం తిరిగింది. అందరూ కాళ్లావేళ్లా పడితే వెనక సీట్లో ఎక్కించుకున్నాడు. ఊళ్లోకి వచ్చేసరికి ఊరేగింపు కదిలిపోతోందని తెలిసింది. పురుళ్ల ఆస్పత్రి సందు మొదట్లో ఆమెను దింపి, ఇక్కడికి దగ్గరే, నడిచిపో అని చెప్పి, కారు నేరుగా పోనిచ్చాడు. ఆమె ఆస్పత్రి గుమ్మం చేరలేదు.

"ఇక్కడికొచ్చేసరికి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి. "వెనక సీటు మీద ఒక ఎర్రచీర పరిచి పెడతాను. ఆ చీర చూపించి ఆపేస్తాను. ఒక్క క్షణం అందరూ నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు."

ఉస్తాద్ చప్పట్లు కొట్టలేదు. "చెయ్యి లేవడం ఎప్పటి నుంచి?" అన్నాడు.

"చీర పరవడం మొదలుపెట్టిన కొన్నాళ్లకి." ఆ మాట అన్నాకగానీ ఆ రెండూ తన నోట్లో పక్కపక్కన పడ్డాయని మద్దిలేటికి తెలియలేదు. గబగబా అన్నాడు: "వైర్లు పీకించేశాను. అయినా లేచింది. రాగి తీగతో బిగించి కట్టాను. తీగ తెగిపడింది. అది లేచిన దగ్గర్నుంచీ బండి బరువెక్కుతుంది, వెనక ఎవరో కూర్చున్నట్టు. వెనక్కి చూపించే అద్దం పైకి తిప్పేశాను. చూడలేను. మా ఆవిడ భ్రమరాంబ అయితే ఆ కారు ఎక్కడమే మానేసింది. సీటు తడిగా ఉందంటుంది. ఎండలో పెట్టినా ఆరదు ఉస్తాద్. ఆదివారం పెద్ద షో. హైదరాబాదు, బెంగళూరు నుంచి జడ్జీలొస్తున్నారు. ఈసారి కప్పు నాదేనని అందరూ అంటున్నారు. ఏదైనా తాయెత్తు ఇవ్వండి, స్టీరింగుకి కట్టుకుంటాను."

"తాయెత్తు ఎందుకు, నేనే వస్తాలే," అన్నాడు ఉస్తాద్.

ఆదివారం పొద్దున ఆయన మద్దిలేటి ఇంటికి వచ్చాడు. కారు అద్దంలా మెరుస్తోంది. ఆయన మెరుపు చూడలేదు. వెనక తలుపు తెరిచి, ఎర్రచీర ఒక అంచు ఎత్తి, సీటు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు, జ్వరం చూసినట్టు.

"ఈ చీర ఎవరిది?"

"కొత్తదే ఉస్తాద్. షో కోసం కొన్నాను."

"ఆమె కట్టుకున్నది ఏ రంగు?"

ఉస్తాద్ చీర మడతపెట్టి అతని చేతిలో పెట్టాడు. "ఇంట్లో పెట్టి రా."

చీర భ్రమరాంబకిచ్చి వచ్చేసరికి ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"వెనక కూర్చోండి ఉస్తాద్. కాళ్లు చాపుకోవచ్చు."

"వెనక చోటు లేదు బేటా."

మద్దిలేటి వెనక్కి తిరగబోయి మానుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు.

ఆవేళ ఎండ తెల్లగా కాస్తోంది. రోడ్డు మీద తమ ముందు ఒక పాత మోరిస్, దాని ముందు ఒక సైనిక జీపు, ఇంకా ముందు పక్కతొట్టి మోటారు సైకిలు షోకి వెళ్తున్నాయి. చూసినవాళ్లంతా చేతులూపుతున్నారు. ఒక బస్సు డ్రైవరు పక్కకు తీసి దారిచ్చాడు. ఇంకోరోజైతే మద్దిలేటి హారను కొట్టి అందరికీ నమస్కారం పెట్టేవాడు.

మైదానంలో మైకు మోత దూరం నుంచే వినిపించింది. సందు కనపడింది.

టక్.

మద్దిలేటి చూడకపోయినా తెలిసింది. ఎడమ వైపు నారింజ వెలుగు ఉస్తాద్ తెల్లగడ్డం అంచున పడింది. వైరు లేదు, కరెంటు లేదు. బండి వెనక్కి కుంగింది. అతను పళ్లు బిగించి ఆక్సిలరేటరు తొక్కబోయాడు.

"బేటా," అన్నాడు ఉస్తాద్ నెమ్మదిగా. "నువ్వొక బండి వెనక పోతున్నావు. ముందు బండి చెయ్యి చూపించింది. ఏమనుకుంటావు?"

"ఎడమకు తిరుగుతుంది అనుకుంటాను."

"మరి తిప్పు."

మద్దిలేటికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్రేకు తొక్కాడు. కారు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి.

"ఉస్తాద్, జడ్జీలు మొదలుపెట్టేశారు. నా తర్వాతి నంబరువాడు అప్పుడే ఫోన్ చేశాడు. మొదట షో కానిచ్చి, వచ్చేటప్పుడు తిప్పుతాను. ఆలస్యమైపోయింది."

"వీరభద్రప్పకు కూడా ఆలస్యమైంది," అన్నాడు ఉస్తాద్.

మోరిస్, జీపు నేరుగా వెళ్లి మైదానం గేటులో దూరాయి. మద్దిలేటి వాటి వంక ఒకసారి చూశాడు. స్టీరింగు ఎడమకు తిప్పాడు.

సందులోకి రాగానే రోడ్డు మీది చప్పుడంతా తలుపేసినట్టు ఆగిపోయింది. రెండు వైపులా ఇళ్లున్నాయి, మనుషులు లేరు. తాళ్ల మీద ఆరేసిన బట్టలు కదలడం లేదు. మామూలుగా మలుపు తిరిగాక చెయ్యి ముడుచుకోవాలి. అది ముడుచుకోలేదు. వెలుగుతూనే ఉంది.

వెనక నుంచి ఊపిరి వినిపించింది. పొడుగ్గా లాగి, పళ్ల మధ్య నుంచి వదిలే ఊపిరి. కాసేపు ఆగింది. మళ్లీ వచ్చింది. ఈసారి త్వరగా వచ్చింది.

"గుంతలు చూసి పోనివ్వు," అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి జీవితంలో అంత మెత్తగా కారు నడపలేదు. ఒక్కో గుంత దగ్గరా బ్రేకు మీద కాలు ఆనించి, చక్రాన్ని దించి, ఎక్కించి, ఇంకొంచెం, ఇంకొంచెమే అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ మాట ఎవరితో అంటున్నాడో అతనికే తెలియదు.

సందు చివర ఒక కమాను ఉంది. ఒకప్పుడు మిషన్ వాళ్ల పురుళ్ల ఆస్పత్రి అక్కడే ఉండేది. కూల్చేసి చాలా ఏళ్లయింది. కమాను ఒక్కటే మిగిలింది. దాని వెనక ఖాళీ జాగా, సర్కారు తుమ్మలు.

కారు ఆగింది. చెయ్యి తనంతట తానే ముడుచుకుంది.

ఉస్తాద్ దిగాడు. వెనక తలుపు తెరవబోతూ ఆగి, ముందు కిటికీలోంచి వంగి మద్దిలేటిని అడిగాడు. "ఆమె పేరేమి?"

కారు దొరికిన రోజే బసమ్మ చెప్పింది. ఆ పేరు మద్దిలేటికి గుర్తుంది. ఏ షోలోనూ, ఏ మైకులోనూ ఎప్పుడూ పలకలేదు. మిల్లులో పనిచేసే ఒకామె అంటే సరిపోయేది.

"సుంకులమ్మ," అన్నాడు.

ఉస్తాద్ వెనక తలుపు తెరిచాడు. తలపాగా సర్దుకుని, కొంచెం వంగి, చెయ్యి చాచాడు.

"సుంకులమ్మా, ఆస్పత్రి వచ్చింది. మెల్లగా దిగు తల్లీ. తొందర లేదు."

స్ప్రింగులు కిర్రుమన్నాయి. కారు వెనక భాగం నెమ్మదిగా పైకి లేచింది.

ఉస్తాద్ మోచెయ్యి మడిచి, ఎవరి బరువో దాని మీద మోస్తున్నట్టు, కమాను వైపు నడిచాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఎదురు చూశాడు. మళ్లీ రెండడుగులు. మద్దిలేటి స్టీరింగు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. దుమ్ములో ఆయన చెప్పుల జాడ పడుతోంది. ఆ జాడ పక్కనే చుక్కలు చుక్కలుగా తడి. ఎండకు ఒక చుక్క ఆరిపోతుంటే ఇంకొకటి పడుతోంది. కమాను దాకా పడి, అక్కడ ఆగిపోయింది.

ఉస్తాద్ ఎవరికో అప్పగించినట్టు మోచెయ్యి దించాడు.

అప్పుడు సందులోకి చప్పుడు తిరిగొచ్చింది. ఎక్కడో కుక్కర్ కూత. ఎవరో పిల్లల్ని కేకలేస్తున్నారు. మైదానం వైపు నుంచి మైకులో, ఆస్టిన్ కారు మద్దిలేటిగారు ఎక్కడున్నా వెంటనే రావాలని పిలుస్తున్నారు. ఇప్పుడు పోయినా ఇంకా అందుకోవచ్చు.

మద్దిలేటి కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు. "ఇక వెళ్దామా ఉస్తాద్?"

ఉస్తాద్ కమాను కింద విరిగిన మెట్టు మీద దుమ్ము దులిపి కూర్చున్నాడు. పక్కన ఇంకొకరికి చోటు వదిలాడు.

"ఇప్పుడే కదా లోపలికి తీసుకెళ్లారు," అన్నాడు. "బిడ్డ ఏడుపు వినకుండా ఎట్లా పోతాం?"

మద్దిలేటి ఇంజను ఆపి, దిగి, ఆయన పక్కన వచ్చి కూర్చున్నాడు.