తడి కంబళి తూకం

ఏ శాసనమూ చెప్పని కాలంలో, ఏ వంశావళిలోనూ లేని ఒక రాజ్యంలో, నిట్టనిలువుగా ఒక కొండ ఉండేది. దాని పేరు ఒంటిగుండు. చుట్టుపక్కల దానికి తోడుగా మరో కొండ లేదు.

కొండకు ఒకవైపు పెద్ద చెరువు. మరోవైపు లోయలో ఏరుగొంది అనే పల్లె. చెరువుకట్ట తెగితే నీళ్ళు కొండను చుట్టి పల్లెను చేరడానికి రెండు గడియలు పట్టేది. అందుకని ఏటా వానాకాలం నాలుగు నెలలూ కొండకొమ్మున ఒక్కరే కావలి ఉండేవారు.

వానలో మంట నిలవదు. కొమ్ము ఊదితే ఆ శబ్దం దారిలోనే చెదిరిపోతుంది. కాలిబాట దిగాలంటే ఒక పూట పడుతుంది. అందుచేత కట్ట తెగిననాడు కావలివారు గాలిగుడ్డ కట్టుకుని దూకాలి.

గాలిగుడ్డ అంటే తాళ్ళతో భుజాలకు కట్టుకునే పెద్ద పట్టుగుడ్డ. గాలి నిండగానే తలపైన గొడుగులా విచ్చుకుంటుంది. కుడితాడు లాగితే కుడికి, ఎడమతాడు లాగితే ఎడమకు తిరుగుతుంది. నేల దగ్గర రెండూ కలిపి లాగితే మెల్లగా దించుతుంది.

రాజుగారి కొట్టులో అటువంటివి మూడు ఉండేవి. చిన్నదాని పేరు డేగ, నడిమిది కొంగ, పెద్దది మబ్బు. తేలికవాళ్ళకు చిన్నగుడ్డ, బరువైనవాళ్ళకు పెద్దగుడ్డ.

తూకానికి ఒక ఆచారం ఉండేది. కావలికి వెళ్ళేవారు మూడురోజులు ఉపవాసముండి, ఒంటిమీద ఒక్క పొడిబట్టతో తక్కెడలో కూర్చోవాలి. తూనికల అధికారి కేతయ్య ముల్లు చూసి గుడ్డ పేరు చెప్పేవాడు. కాని చివరిమాట దూకేవారిదే.

ఒక ఏడు ఏరుగొంది సింగన్న కావలికి వెళ్ళాడు. ఉపవాసంతో తేలికగా తూగాడు. "డేగ!" అన్నాడు కేతయ్య. చిన్నగుడ్డతో దూకేవాడే మొనగాడని సింగన్న మీసం దువ్వుకుని తీసుకున్నాడు.

వానలో కట్ట తెగింది. సింగన్న దూకాడు. డేగ రాయిలా దిగింది. నేల దగ్గర రెండు తాళ్ళూ లాగినా ఆగలేదు. అతని రెండు కాళ్ళూ విరిగాయి. పాక్కుంటూ పల్లె చేరేసరికి గొడ్లన్నీ కొట్టుకుపోయాయి. గాలిదేవుడు అలిగాడన్నారు కొలువులో.

మరుసటి ఏడు బయ్యన్న వెళ్ళాడు. మనిషి బక్కపలచన. కేతయ్య మళ్ళీ "డేగ" అన్నాడు.

"సింగన్న కాళ్ళు చూశాక కూడా డేగేనా అయ్యా? నాకు మబ్బే ఇప్పించండి. పరుపుమీద దిగినట్టు దిగుతాను" అన్నాడు బయ్యన్న.

కట్ట తెగిననాడు ఈదురుగాలి వీస్తోంది. అంత తేలికైన మనిషితో అంత పెద్దగుడ్డ గాలికి ఎదురుపోలేదు. మబ్బు అతన్ని వెనక్కి, కొండ దాటించి, అడవిలో దించింది. ఒంటికి గీత పడలేదు. కాని అతను మర్నాడు పల్లెకు వచ్చేసరికి పదకొండు ఇళ్ళూ, వాటిలో నిద్రపోతున్నవాళ్ళూ మిగల్లేదు.

మూడో ఏడు కావలికి ఎవరూ ముందుకు రాలేదు. సింగన్న చెల్లెలు ఓబుళమ్మ లేచింది.

"ఒసే, నీకెందుకే ఈ పని?" అన్నాడు మంచంమీది సింగన్న.

"ఈసారి నీళ్ళొస్తే నువ్వు పరిగెత్తుతావా? నిన్ను మొయ్యాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురికీ ముందే తెలియాలి. సరే గాని అన్నా, తూచిననాడు ఏం తిన్నావు?"

"ఏమీ తినలా."

"దూకిననాడు?"

"రెండు సంకటిముద్దలు. ఒంటిమీద కంబళి, నడుముకు కొమ్ము, భుజాన సద్దిమూట. కంబళి తడిసి ఎద్దంత బరువైంది."

ఓబుళమ్మ లేచి అన్న కంబళి తీసుకుంది.

తూకంనాడు ఆమె కడుపునిండా తిని, కొమ్మూ మూటా కట్టుకుని, నీళ్ళోడుతున్న కంబళి కప్పుకుని వచ్చి తక్కెడలో కూర్చుంది. కొలువంతా నవ్వింది.

"అమ్మీ, ఇది తక్కెడ. బట్టలారేసే దండెం కాదు" అన్నాడు కేతయ్య.

"వానలో తడవకుండా దూకే ఉపాయం చెప్పండి దొరా, ఇప్పుడే పిండుకొస్తాను."

"ఉపవాసతూకం మా తాతగారి నాటి ఆచారం!"

"తాతగారు ఏ ఏడు దూకారు?"

రాజు నవ్వు ఆపుకుని, "తూచవయ్యా" అన్నాడు.

ముల్లు చూస్తే ఆమె డేగకు చాలా ఎక్కువ, మబ్బుకు చాలా తక్కువ. ఓబుళమ్మ కొంగను చంకన పెట్టుకుని కొండెక్కింది.

కొండకొమ్మున మాట్లాడడానికి ఎవరూ లేరు. పల్లె కనబడేది, వినబడేది కాదు. పొద్దున్నే ఇళ్ళమీద లేచే పొగ చూసి ఎవరి పొయ్యి ఎప్పుడు రాజుకుందో చెప్పగలిగేది. కొన్నాళ్ళకు ఆ పొగ ఎటు వాలితే గాలి అటు పోతోందని గుర్తుపట్టడం నేర్చుకుంది. మూడోనెలలో ఒకనాడు, గొంతు ఉందో లేదో తెలుసుకుందామని తన పేరు తానే పిలుచుకుంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. మళ్ళీ పిలుచుకోలేదు.

ఒక ఉదయం ముసురులో కట్ట తెగింది.

ఓబుళమ్మ కిందికి చూసింది. పల్లెపొగలన్నీ ఉత్తరానికి వాలి ఉన్నాయి. అంటే గాలికి ఎదురుగా, దక్షిణానికి ముఖం పెట్టి దిగాలి. దూకింది. కొంగ విచ్చుకుంది. తడిసిన కంబళి కిందికి గుంజింది. గుడ్డ ఆ బరువు మోసింది. గాలి వెనక్కి తోసింది. బరువు గాలికి ఎదురు నిలిచింది. నేల రెండు నిలువుల దూరంలో ఉండగా రెండు తాళ్ళూ కలిపి లాగింది. జొన్నచేలో కాళ్ళు ఆనాయి.

ఆమె దిగడం ఎవరూ చూడలేదు. వానకు అందరూ లోపలే ఉన్నారు. అరవబోతే గొంతు పెగల్లేదు. కొమ్ము ఊదింది.

నలుగురు సింగన్న మంచం ఎత్తారు. ముసలీముతకా, పిల్లాజెల్లా ఊరి పక్కనున్న మెట్ట ఎక్కారు. నీళ్ళు వచ్చి ఇళ్ళను తీసుకుపోయాయి. మెట్టమీద తలలు లెక్కపెడితే ఒక్కటీ తగ్గలేదు.

కొంగరూపంలో దేవత దిగివచ్చి పల్లెను కాచిందని కొలువు లెక్కపుస్తకంలో రాయబోయాడు కేతయ్య. ఓబుళమ్మ వద్దంది. "తూకం రాయండి దొరా. వచ్చే ఏడు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది."

వానలింకా నెలరోజులు ఉన్నాయి. ఆమె మళ్ళీ కొండదారి పట్టింది. పల్లెవాళ్ళు మొదటి మలుపుదాకా వచ్చారు. అక్కడినుంచి ఒక్కతే ఎక్కింది.

పొగరుతో తగ్గించుకోకుండా, భయంతో పెంచుకోకుండా తన బరువును ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నవారినే గాలి క్షేమంగా నేలకు దించుతుంది.