తలుపు పక్క సీటు

సుంకులమ్మవ్వ పోయినప్పటి నుంచి ఓబులేసుకు ముద్ద దిగడం లేదు. కనిపించిన వాళ్లందరినీ ఒకటే అడుగుతున్నాడు.

"ఆమె రాత అంతే కదా? నేనేం చేసేది?"

అందరూ అవునన్నారు. అవ్వ కూతురు ఈరమ్మ కూడా ఏడ్చి ఏడ్చి, "మాయమ్మ ఆయుస్సు అంతేనేమోలే అన్నా" అంది. ఆ మాటతో వాడికి ఊరట కలగాలి. కలగలేదు. గురువు నోట కూడా అదే మాట వింటే తప్ప ఇంక బతకలేననుకున్నాడు. పోలీసులు కేసు రాసుకుని వ్యాను వదిలాక, దాన్నే వేసుకుని కొండెక్కాడు.

గురువంటే కొండమీది దర్గాలో ఉండే దస్తగిరి స్వామి. ఓబులేసు మీసాలు రాకముందు నుంచీ ఆయన శిష్యుడు. కొండ కింద బస్సు దిగిన భక్తుల్ని పైకి చేరవేయడమే వాడి సేవ, వాడి బతుకుతెరువు కూడా.

ఆ వ్యాను సంగతి చెప్పాలి. ఎవరెవరో నడిపి, విసిగి, వదిలించుకున్నాక వీడి చేతికొచ్చిన ముసలి బండి. వానొస్తే వైపరు కదలదు, ఎండొస్తే ఇంజను మరుగుతుంది. బ్రేకు తొక్కితే ముందు దేవుడు గుర్తొచ్చేవాడు, ఆ తర్వాత బండి ఆగేది. పక్కకు జరిపే తలుపుకు లాకు ఎప్పుడో ఊడిపోయింది. దానికి ఓబులేసు ఒక నైలాను తాడు కట్టాడు. తలుపు పక్కన కూర్చున్నవాళ్లు దారి పొడుగునా ఆ తాడు లాగి పట్టుకోవాలి. అదీ ఏర్పాటు! మనవాళ్లకు అలవాటు కానిదంటూ ఏముంది, అదీ అలవాటైపోయింది. ఎవరన్నా గొణిగితే, "ఉరుసు పండగ కానీండి, చూద్దాం" అనేవాడు. ఉరుసులు వచ్చాయి, పోయాయి.

గురుభక్తికి మాత్రం లోటు లేదు. స్వామి కింద ఊళ్లో పని చూసుకుని బండెక్కుతున్నాడంటే ముందు సీటు తుడిచి, ఉతికిన తువ్వాలు పరిచి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాడు. వెనక ఎవరికి దొరికింది వాళ్లది. అందరూ ఎక్కాక మిగిలేది తలుపు పక్క సీటు.

అందరికంటే చివర వచ్చేది సుంకులమ్మవ్వ. దర్గాకు పూలు ఆమెవే. మల్లెలు కట్టడం పూర్తి చేసుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని, రొప్పుకుంటూ వచ్చేది. "ఆగరా పాపిష్టోడా, నన్నొదిలేసి పోతావా!" అని తిడుతూ ఎక్కేది. ఒళ్లో బుట్ట, చేతిలో తాడు.

ఆ గురువారం మలుపులో బుట్ట జారింది. దర్గా పూలు కింద పడతాయని అవ్వ తాడు వదిలేసి బుట్ట పట్టుకుంది. ముందు సీట్లో ఉన్న స్వామి వెనక్కి తిరిగేసరికి తలుపు బార్లా తెరుచుకుని ఉంది. అవ్వ లేదు. అయ్యో, పిచ్చితల్లి, ఆ బుట్టను మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఓబులేసు స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పండి స్వామీ. అది ఆమె రాతే కదా?"

 స్వామి లేచి చెప్పులు వేసుకున్నాడు.

"బండి తియ్యి. కిందికి పోయొద్దాం."

ఓబులేసు పరుగున పోయి ముందు సీటు తుడిచి తువ్వాలు పరిచాడు. స్వామి అటు రాలేదు. అవ్వ బుట్టను ఆ రోజు ఎవరో తెచ్చి దర్గా అరుగు మీద పెట్టారు. దాన్ని తీసుకుని వెనక ఎక్కాడు. తలుపు పక్కన కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని, తాడు పట్టుకున్నాడు.

"అక్కడొద్దు స్వామీ!"

"ఏం?"

"మీ సీటు ముందుంది కదా, రండి."

"ఇక్కడైతే ఏం?"

"ఆ తలుపు మంచిది కాదు స్వామీ..."

అనేసి ఠక్కున నోరు మూసుకున్నాడు. స్వామి వాడి ముఖంలోకి చూశాడు.

"ఫర్వాలేదు. పోనీ."

గురువు మాట కాదనడం వాడికి తెలియదు. బండి కదిలించాడు. నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా నడిపాడు. ప్రతి గుంతకూ వెనక్కి తిరిగి, "తాడు గట్టిగా పట్టుకోండి స్వామీ, బుట్ట కింద పెట్టేయండి స్వామీ" అని బతిమాలాడు. మలుపు వచ్చింది. రోడ్డు పక్క రాళ్ల సందుల్లో ఎండిపోయిన మల్లెలు ఇంకా ఉన్నాయి. ఓబులేసు బండి ఆపేశాడు. 

"నా వల్ల కాదు. మీరు అక్కడ కూర్చుంటే నేను నడపలేను."

"నా రాత ఎట్లుంటే అట్లయితుంది లేరా. నడుపు."

ఓబులేసు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "అవ్వా!" అని ఒక్క కేక పెట్టాడు.  ఆ ఏడుపు వినడానికి అక్కడ స్వామి ఒక్కడే ఉన్నాడు.

ఆయన ఓదార్చలేదు. వాడి ఏడుపు తగ్గేదాకా ఉండి అన్నాడు.

"ముందు సీట్లో ఉన్నది నేనే కదరా. తువ్వాలు మెత్తగా ఉంది. నేనూ ఏనాడూ వెనక్కి చూడలేదు."

టైరు కింద రాయి పెట్టి, బండిని అక్కడే వదిలేసి, ఇద్దరూ నడుచుకుంటూ కొండెక్కారు.

మర్నాడు మెకానిక్కు వచ్చి దాన్ని కట్టి లాక్కుపోయాడు. తలుపు మార్చారు, బ్రేకులు కొత్తవి వేశారు. ఈసారి ఉరుసు దాకా ఆగలేదు.

మళ్లీ బండి నడిచిన గురువారం కొండ కింద ఓబులేసు తువ్వాలు పరిచి స్వామి కోసం నిలబడ్డాడు. స్వామి వెనక్కి పోయి తలుపు పక్కనే కూర్చున్నాడు.

"ముందు సీటు, స్వామీ..."

"అది చివరగా వచ్చినవాళ్లది."

జనం ఎక్కారు. బండి నిండింది. అప్పుడు ఊళ్లోంచి వచ్చే దారిలో ఈరమ్మ కనిపించింది. నెత్తిన తల్లి బుట్ట, ఒకటే పరుగు.

ఓబులేసు దిగి ముందు తలుపు తీశాడు. ఆమె ముఖం చూడలేక తువ్వాలు సర్దుతూ నిలబడ్డాడు.

"ఇది స్వామి సీటు కదన్నా?"

 వెనక నుంచి స్వామి పలికాడు.

"ఎక్కమ్మా. పూలు వాడిపోతాయి."