రెండు రోకళ్ల సువ్వాలమ్మ

నల్లమల అంచున ఉన్న పైడిమిట్టకు విచ్చేసిన భక్తులారా! ఈ గుడిలో గంట కోసం వెతకకండి. ముంగిట్లో ఒక రోలు, రెండు రోకళ్లు ఉన్నాయి. ఆలుమగలు ఎదురెదురుగా నిలబడి, పాట పాడుతూ చలిమిడికి బియ్యం దంచడమే ఇక్కడి పూజ. జాతర నాటి ఆ సందడి చూసి తీరవలసిందే! గర్భగుడిలో అమ్మవారి తల ఎడమకు, రోటి వైపుకు ఒరిగి ఉంటుంది. దానికో కథ ఉంది.

పూర్వం ఇక్కడ తిరపాలు, నాంచారి అనే దంపతులు ఉండేవారు. కొత్త కాపురంలో చెరొక రోకలి పట్టి ఒకే రోట్లో దంచేవారు. ఒకరి పోటు తర్వాత ఒకరిది పడాలి, తప్పితే రోకళ్లు ఢీకొంటాయి. అలా తప్పకుండా కాచేది పాటే. ఆమె ఒక చరణం, అతడొక చరణం. ఆ పాట విని మురిసిపోయి అమ్మ ఈ మిట్ట మీది రాతిలో వెలిసిందని పెద్దలంటారు.

కొన్నేళ్లకు తిరపాలుకు ఊరి పెద్దరికం వచ్చింది. తలపాగాతో పాటు బింకమూ వచ్చింది. పెద్దమనిషి రోకలి పడితే ఊరు నవ్వదా అనుకుని, దంచడానికి కూలివాళ్లను పెట్టాడు. ఆనాటి నుంచి నాంచారి నోట మళ్లీ పాట వినబడలేదు. ఇంటి నిండా గింజలున్నా ఇద్దరి మధ్య మాటకు కరువొచ్చింది. ఆ పాత రోజులు తలుచుకుంటే తిరపాలుకు ముద్ద దిగేది కాదు. అయినా బింకం వదల్లేదు.

ఒక జాతర నాటి మధ్యాహ్నం, తిరపాలుకు కునుకులో అమ్మ కనబడింది.

"నేనొచ్చింది మీ పాట కోసం రా! అది నిలిచినాక నాకీడ ఏం పని? పొద్దుగుంకేలోపల ఇనపడకుంటే నా దారి నాది."

తిరపాలు ఉలిక్కిపడి లేచి, గుడి ముంగిట్లో రోటి పక్కన ఉన్న నాంచారి దగ్గరికి పరుగెత్తాడు.

"నాంచారీ, పాడవే! అమ్మ పోతానంటాంది!"

"ఒంటి రోకలికి పాట యాడొస్తాది మామా? ఇడిసిపెట్టింది నేనా?"

పొద్దు వాలుతోంది. జాతరకు వచ్చిన జనమంతా చూస్తున్నారు. అమ్మ పోతే ఊరు పోయినట్టే, నాంచారి పాట పోతే తన బతుకే పోయినట్టు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవనేల అనుకుని, తలపాగా విప్పి నడుముకు బిగించి రోకలి అందుకున్నాడు. తీరా చూస్తే చరణం గుర్తు రాదు! చివరికి ఎలాగో కీచుగొంతుతో ఎత్తుకున్నాడు:

"సువ్వి సువ్వీ! కొర్రచేను కావలికి తోడెవరే పిల్లా?"

నాంచారి పకపకా నవ్వింది. నవ్వుతూనే రెండో రోకలి పట్టింది:

"సువ్వి సువ్వీ! సద్ది మరిసి వచ్చేటి సిన్నోడే తోడు!"

ఊరంతా గొల్లున నవ్వింది. డప్పులు మోగాయి, రోకళ్లు లేచాయి, పిండి ఎగిరింది! అంతలో హారతికి లోపలికి వెళ్లిన పూజారమ్మ కేక పెట్టింది. నిటారుగా ఉండే అమ్మ తల రోటి వైపుకు ఒరిగి ఉంది!

నాటి నుంచి ఆ సువ్వి పాట పేరుతోనే ఆమె సువ్వాలమ్మ. నేటికీ తొలి చరణం మగవాడే ఎత్తుకోవాలి. గొంతు బాగాలేదంటే ఇక్కడ చెల్లదు, అమ్మకు కీచుగొంతులంటేనే ముద్దు. మాటలు మానుకుని వచ్చిన దంపతులు నవ్వుకుంటూ ఇంటికి వెళతారు. జోడు పోయి ఒంటరిగా వచ్చినవారికి పూజారమ్మే రెండో రోకలి పడుతుంది. పాడుతూ పాడుతూ వారు మధ్యలో ఆగిపోతే, మిగిలిన చరణం ఊరంతా అందుకుంటుంది.