నలభై ఒకటో చుట్టు

"ఆచారి గారండీ, కాయిలు చుట్టేటప్పుడు ఎవరు పిలిచినా లెక్క తప్పకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు నూకరాజు.

అడగడానికి కారణం ఉంది. ఆ ఉదయం ఫ్యాను కాయిలు రెండు వందల చుట్లు దాటాక ఇంటి నుంచి భార్య ఫోను చేసింది. మాట్లాడి పెట్టేసేసరికి లెక్క పోయింది. చుట్టిందంతా విప్పుకుంటూ, అక్కడ లేని ఆవిడని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. రైసుమిల్లులో పని మానేసి, నలభయ్యో ఏట మోటార్ల రీవైండింగు నేర్చుకోవడానికి వచ్చినవాడు. ఆత్రం ఉండడంలో తప్పు లేదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. యాభై చుట్లకోసారి బల్ల మీద సుద్దతో ఒక గీత గీసుకుంటే చాలు. మిషనుకు అంకెలు చూపించే మీటరూ ఉంటుంది. ఊళ్లో మోటార్లన్నీ బాగుచేసే ఆ షెడ్డులో సొంత మీటరు మాత్రం ఏనాడో చెడిపోయింది, అది వేరే సంగతి. సోమాచారి గారికి ఈ ఉపాయాలు తెలియకనా? మండపేటలో నలభై ఏళ్లుగా రాగితీగ చుడుతున్న మనిషి. కానీ అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆయన జాతకంలో లేదు. తీగ పక్కన పెట్టి, చనిపోయిన తన భార్య సత్యవేణి సంగతి ఎత్తుకున్నారు. బాగుకిచ్చిన మా మిక్సీ కోసం వెళ్లిన నేనూ విన్నాను.

వయసులో ఉండగా ఆయనకో పద్ధతి ఉండేదట. కాయిలు మీద ఉన్నప్పుడు ఎవరు ఏమడిగినా, అప్పటికి ఎన్నో చుట్టులో ఉన్నారో ఆ అంకెను పైకి అనేవారు. "మోటారు అయిందా?" అంటే "నూట పన్నెండు." కొత్తవాళ్లు అదేదో టోకెను నంబరు అనుకుని బల్ల మీద కూర్చునేవారు. సత్యవేణికి మాత్రం ఆ భాష వచ్చేసింది. ఫ్యాను కాయిలుకి రెండు వందల తొంభై చుట్లని ఆవిడకు తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి "ఏవండీ" అనేది. "రెండు వందల డెబ్భై" అని వినబడితే, ఇంకెంతలే అని మెట్టు మీద కూర్చునేది. ముప్పయ్యో యాభయ్యో అయితే క్యారేజీ అక్కడ పెట్టి వెళ్లిపోయేది. ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. అలాంటి ఇల్లాలు దొరికినందుకు ఆయనకు గర్వంగా ఉండేదట.

ఒకరోజు ఆవిడ పదిగంటలకే వచ్చింది. చేతిలో క్యారేజీ లేదు. "ఏవండీ" అంది.

ఆయన తల ఎత్తలేదు. "నలభై ఒకటి" అన్నారు.

ఆవిడ నీడ గుమ్మంలో కాసేపు ఉంది. "ఏవండీ" అని మళ్లీ పిలవలేదు. ఆయన రెండు వందల తొంభై పూర్తి చేసి, తీగ తెంపి, ముడి వేసి బయటికొచ్చారు. మెట్టు మీద ఎవరూ లేరు. ఇంటికెళ్లిపోయి ఉంటుందిలే అనుకుని ఇంకో కాయిలు మొదలుపెట్టారు.

గుండెల్లో నొప్పిగా ఉందని, ఆసుపత్రికి తోడు రమ్మని అడగడానికి వచ్చిందట. బస్టాండులో పూలమ్మే మనిషి పరుగెత్తుకొచ్చి చెబితే ఆయనకు తెలిసింది. ఒక్కత్తే ఆసుపత్రికి బయల్దేరిన ఆవిడ, బస్సు కోసం బెంచీ మీద కూర్చుని, పక్కనున్న పరాయి మనిషి భుజం మీదకి ఒరిగిపోయిందట. అంత జనంలో తన మనిషన్నవాడు ఒక్కడు లేడు.

వింటుంటే నాకు ముందు ఆయన మీద కోపం వచ్చింది. జాలి తర్వాత వచ్చింది. ఆయన మాత్రం మోటారు ఎందుకు కాలిపోయిందో చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పారు. చెప్పడం అయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

నూకరాజు మంచివాడే, కాస్త మందమతి. "అయ్యో" అన్నాడు. "మరి లెక్క సంగతండీ?" అని మళ్లీ అడిగాడు.

ఆచారి గారు తీగ కొస వెతికి పట్టుకున్నారు.

"ఇరవై రెండేళ్లయింది నూకరాజూ. పిలిచే మనిషి లేదు. లెక్క ఒక్కసారీ తప్పలేదు."