బురద పూసుకున్న పొట్టేలు

అంజవ్వ పొలానికి పట్నం జనం ఊరికే చూసిపోవడానికి రారు. పంచెలు ఎగగట్టి నాట్లు వేస్తారు, పేడ ఎత్తుతారు, పాలు పితకబోయి గేదె చేత తన్నించుకుని నవ్వుకుంటూ పోతారు. ఆ పొలంలో నిన్నమొన్నటి దాకా నల్లగుచ్చు అనే పొట్టేలుదే రాజ్యం. ఒత్తైన నల్ల ఉన్ని, మెడలో గజ్జెలు. వేసవంతా పిల్లలు ఆ ఉన్నిలో మోచేతుల దాకా చేతులు దూర్చి మురిసిపోయారు.

వానలు పడ్డాయి, నాట్ల కోసం మడిని బురదగా కలిపే దమ్ము మొదలైంది. పిల్లల మనసు బూరయ్య అనే ముసలి ఎద్దు మీదికి మళ్లింది. బూరయ్య, దాని జోడెద్దు కలిసి మడిలో చదును చెక్క లాగుతుంటే, బరువు కోసం పిల్లలు ఆ చెక్క మీద కూర్చుని కేరింతలు కొట్టేవారు. పని అయ్యాక బోరు దగ్గర గడ్డి చుట్టతో ఎడ్లను రుద్ది కడిగేవారు. నానబెట్టిన ఉలవలు నోటికి అందించేవారు. పాక దగ్గర నిలబడి చూసే నల్లగుచ్చుకు కడుపు రగిలిపోయేది.

"అంత కుళ్లెందుకు మామా?" అంది పిల్లలకోడి గువ్వి. దాని కన్ను మాటల మీద లేదు, పొట్టేలు ముందున్న జొన్నల తట్ట మీద ఉంది.

"కుళ్లా? నాకా? ఆ ముసలోనికి తోముడేంది, ఉలవలేంది! నన్ను ఒక్కలన్న ముట్టిన్రా ఇయ్యాల?"

"బురద అంటినోళ్లనే గద కడుగుతరు. నువ్వేమో సాఫుగున్నవాయె."

పొట్టేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "గంతేనా?"

"గంతే. పో, మడిల పొర్లిరా. తట్టకు నేను కావలుంట."

నల్లగుచ్చు పరుగు తీసింది. గట్టు మీద నిలబడ్డ బూరయ్య అడ్డం వచ్చింది. "వద్దు తమ్మీ. నాది తోలు, నీళ్లు పోస్తె జారిపోతది. నీది ఉన్ని. రేగడి పట్టిందంటె ఇడువదు."

"నీ ఉలవలల్ల వాటా పోతదని భయమా అన్నా?" అని ఎగతాళి చేసి మడిలోకి దూకింది. అటు పొర్లింది, ఇటు పొర్లింది. అదీ చాలక గట్టు మీద ఎండలో నిలబడి, పిల్లలు ఎప్పుడు చూస్తారా అని ఎదురుచూసింది.

పిల్లలు వచ్చేసరికి బురద ఎండి పెంకు కట్టింది. నీళ్లు పోసి రుద్దారు, గుంజారు. ప్రతి గుంజుడికీ ఉన్ని కుదుళ్లతో లేస్తుంటే పొట్టేలు పొలమంతా వినపడేలా అరిచింది. అంజవ్వ వచ్చి చూసి తల పట్టుకుంది. "ఇగ లాభం లేదు, కత్తెర తెండ్రి!"

గొర్రెల కాపరి కొమరయ్య వచ్చి మొత్తం కత్తిరించేశాడు. మట్టి పట్టిన ఉన్ని గొంగడికి కూడా పనికిరాదని జామచెట్టు పాదులో పడేశారు. గజ్జెలు వదులై మెడ నుంచి జారిపోయాయి. వణుక్కుంటూ పాకకు చేరితే జొన్నల తట్ట ఖాళీ. గువ్వి, దాని పిల్లలు కడుపు నిండి కునుకు తీస్తున్నాయి.

మళ్లీ ఆదివారం, వేసవంతా నల్లగుచ్చును కౌగిలించుకుని వదలని పాప వచ్చింది. "అవ్వా, నా నల్లగుచ్చు ఏది?"

అంజవ్వ పాక వైపు చూపించింది. నల్లగుచ్చు ఆశగా రెండడుగులు ముందుకు వేసింది.

పాప మూతి ముడిచింది. "ఇది మేక కదా!"

ఆ మాటకు పొట్టేలు గోడవైపు తిరిగి నిలబడింది. బూరయ్య నెమ్మదిగా వచ్చి పక్కన నిలిచింది. "నా నీడకు రా తమ్మీ. వట్టి చర్మం, ఎండకు మాడుతవు."

ఆ నీడలో నిలబడడం నల్లగుచ్చుకు ఎండకన్నా ఎక్కువ మండింది. అయినా నిలబడింది.

పక్కవాడికి అందిన ముద్దు మీద కన్ను వేసేవాడు, తనను ముద్దు చేసింది దేనికో మరిచిపోతాడు.