వీరాయమ్మ నీళ్ళు పోసిన పిల్ల

అనగనగా అంటే ఎప్పుడో అని అడక్కండి. మీ తాతల తాతలు బోసినోళ్ళతో ఊయల్లో ఉన్నప్పటి మాట. కాలవగట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో వీరాయమ్మ అనే ముసలమ్మ. పసిపిల్లలకి నీళ్ళు పొయ్యడం ఆమె పని. పీట మీద కూచుని కాళ్ళు బారచాపేది, పిల్లని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టేది, ఒళ్ళంతా రుద్దేది. ఊళ్ళో మీసాలు మెలేసే మొనగాళ్ళంతా ఆ కాళ్ళ మీద గుక్కపట్టి ఏడ్చినవాళ్ళే.

ఏ పిల్లకి ఏమొచ్చినా ఆమెది ఒకటే మాట. "వేడినీళ్ళున్నాయి, నలుగుపిండుంది, సాంబ్రాణి పొగుంది. మనకి భయమేంటే?"

ఒకనాడు కనకం అనే కోడలు తన చంటిపిల్ల మాణిక్యాన్ని ఎత్తుకొచ్చింది. పిల్ల బుగ్గలు, మోచేతి మడతలు, మోకాళ్ళ వెనకాల ఎర్రగా కంది, నీళ్ళు తీసేసిన వరిమడిలా నెర్రెలిచ్చి ఉన్నాయి. గోక్కున్న చోటల్లా రసి. ఇప్పుడు మీరు ఎగ్జిమా అంటున్నారే, అదే. అప్పట్లో దానికి ఆ పేరు లేదు, తిట్లే ఉన్నాయి.

"అంటురోగమంటోంది పెద్దమ్మా, మా అత్త. నన్నూ పిల్లనీ పశువుల సావిట్లో పడుకోమంది. తగ్గకపోతే పుట్టింటికి పొమ్మంది" అని కనకం ఏడ్చింది.

"వేడినీళ్ళున్నాయి, నలుగుపిండుంది, సాంబ్రాణి పొగుంది. మనకి భయమేంటే?" అంది వీరాయమ్మ.

మొదట నీళ్ళు ఇంకాస్త కాచింది. పిల్ల ఒళ్ళు ఇంకా కందింది. తర్వాత పిండి ఇంకాస్త గట్టిగా రుద్దింది. చర్మం లేచి నెత్తురొచ్చింది. ఆ తర్వాత సాంబ్రాణి ఇంకాస్త దట్టంగా వేసింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై ఇంకా గోక్కుంది. ప్రేమ లేక కాదర్రా, మురికనుకుంది పాపం. మురికైతే రుద్దితే పోవాలిగా?

ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని గుమ్మంలోనే నిలబెట్టి చెప్పేశారు. "ఆ పిల్లని ముట్టుకున్న చేత్తో మా పిల్లల్ని ముట్టుకోకు." పీట మూలనపడింది. వీరాయమ్మకి గుండె చెరువైంది.

ఎండలు మండే రోజుల్లో ఒక మధ్యాహ్నం కనకం మళ్ళీ వచ్చింది, పుట్టింటికి పోతున్నానని చెప్పడానికి. గుమ్మానికి వట్టివేళ్ళ తడిక కట్టి ఉంది. అప్పుడే దాని మీద నీళ్ళు చల్లారు. తడిక పక్కన కూచున్నారు ముగ్గురూ. గాలి తిరిగింది. పిల్ల ముక్కు అటు తిప్పింది. గోకడం ఆపింది. కళ్ళు మూసింది.

"నిద్రపోయింది పెద్దమ్మా" అంది కనకం, నమ్మలేక.

వీరాయమ్మ చాలాసేపు పిల్లనే చూసింది. ఇక్కడున్నది చల్లదనం, తడి, సన్నటి వాసన. మరి ఇన్నాళ్ళూ తను పెట్టింది? మంట, రాపిడి, పొగ.

"పుట్టింటికి తర్వాత పోదువుగానీ, ఉండవే" అంది.

అప్పటినించి నీళ్ళు గోరువెచ్చన చేసింది. పిండి మానేసింది. పొగ ఆపేసింది. కొబ్బరినూనెలో వట్టివేళ్ళు నానేసి, ముందు ఒక్క చుక్క పిల్ల పిక్క మీద రాసి, తెల్లారేదాకా ఆగి చూసింది. కందలేదు. ఇక రోజూ నీళ్ళు పోశాక, ఒళ్ళు ఆరకముందే, ఆ నూనె అరచేత్తో నెమ్మదిగా అద్దేది. గుప్పెడు వేళ్ళు మూటగట్టి, పిల్లకి అందకుండా ఊయల తాడుకి కట్టింది. పోనుపోను ఎరుపు దిగింది. పిల్ల నవ్వడం మొదలెట్టింది.

అయినా అత్త చాయమ్మ ఒప్పుకోలేదు. "పైకి తగ్గితే సరా? ఇంట్లో పసివాళ్ళున్నారు, అంటుకుంటే?"

వీరాయమ్మ ఊరి ఆడవాళ్ళందరినీ పిలిచి రెండు చేతులూ చాపింది. "అంటేదైతే ముందు ఒళ్ళో పెట్టుకు పడుకునే తల్లికంటాలి. తర్వాత నాకంటాలి. ఏదీ, చూపించండి!" అప్పుడు తన సొంత మనవరాలిని తెచ్చి సావిట్లో మాణిక్యం పక్కనే అదే ఊయల్లో పడుకోబెట్టింది. "ఇక చూస్తూ ఉండండి."

చూశారు. వేసవి పోయింది, వానలు పోయాయి, మనవరాలి ఒంటి మీద చిన్న పొక్కు కూడా లేదు. చాయమ్మే సావిట్లోకి నడిచొచ్చి మాణిక్యాన్ని భుజానేసుకుంది. "నా బంగారాన్ని గొడ్ల మధ్య పడుకోబెట్టాను" అని వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లనీ కోడలినీ వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

చలికాలంలో మళ్ళీ దురదొచ్చింది. "రానీవే, తెలిసిన చుట్టమేగా" అని నవ్వింది వీరాయమ్మ. గోరువెచ్చని నీళ్ళు, నూనె, వట్టివేళ్ళ మూట. వచ్చింది వచ్చినట్టే సద్దుమణిగింది.

వీరాయమ్మ నిండుగా బతికి కన్నుమూసింది. ఆ పీట ఎవరు తీసుకున్నారనుకున్నారు? మాణిక్యం. ఎవరూ ముట్టుకోవద్దన్న ఆ పిల్ల చేతుల మీదే ఆ ఊరి బిడ్డలంతా పెరిగారు.

ఇప్పటికీ ఆ వైపు ఏ ఇంట్లో చంటిపిల్లకి నీళ్ళు పోసినా, ముందు మోచెయ్యి ముంచి వేడి చూస్తారు. మొదటి దోసెడు పోస్తూ "వీరాయమ్మా, మెల్లిగా" అంటారు. ఊయల తాడుకి వట్టివేళ్ళ మూట కడతారు. మీ ఊయలకీ ఉండేది. వాసన తగుల్తోందిగా? ఇక పడుకోండి.